క్రిమినల్ జస్టిస్ రెండేళ్ల డిగ్రీకి అప్పు చేయొచ్చా? సంతకం పెట్టే ముందు వేసుకోవాల్సిన లెక్క

మా మేనల్లుడికి చిన్నప్పటి నుంచి పోలీస్ అవ్వాలని కోరిక. వాళ్లు ఉండేది టెక్సస్‌లో, డాలస్ పక్కన. హైస్కూల్ ఆఖరి ఏడాదిలో ఒక ప్రైవేట్ కాలేజీ నుంచి వాడికి క్రిమినల్ జస్టిస్ (నేరాలు, పోలీస్, కోర్టు, జైళ్ల గురించిన చదువు) అసోసియేట్ డిగ్రీలో, అంటే రెండేళ్ల డిగ్రీలో సీటు వచ్చింది. మా అక్క ఆ లెటర్ తెచ్చి డైనింగ్ టేబుల్ మీద పెట్టి, "చూడరా తమ్ముడూ, పిల్లాడికి 17,500 డాలర్ల అవార్డ్ వచ్చింది" అంది. మొహం వెలిగిపోతోంది. నేను కళ్లజోడు పెట్టుకుని ఒక్కో లైనూ చదివాను. చదువుతున్న కొద్దీ నాకు టెన్షన్ పెరిగింది.

ఆ రాత్రి మేం ముగ్గురం కూర్చుని వేసిన లెక్కనే ఇక్కడ వరసగా రాస్తున్నాను. అమెరికాలో పిల్లలు పోలీస్, జైలు, కోర్టు ఉద్యోగాల వైపు వెళ్తామంటే మన ఇళ్లలో చాలామందికి ఆ దారి కొత్త. సాఫ్ట్‌వేర్ అయితే పక్కింటి వాళ్లను అడగొచ్చు, దీనికి అడగడానికి మనిషి దొరకడు. మీ ఇంట్లో ఇలాంటి లెటర్ ఉంటే ఇప్పుడే తెచ్చుకోండి. ఒక తెల్ల కాగితం, కాలిక్యులేటర్ చాలు.

1. ముందు లెటర్‌లో ఏది దానం, ఏది అప్పు అని విడగొట్టండి

మా వాడి లెటర్‌లో ఏడాది ఫీజు 17,500 డాలర్లు. దాని కింద "అవార్డ్" అన్న హెడ్డింగ్‌తో నాలుగు లైన్లు ఉన్నాయి. పెల్ గ్రాంట్ (ఆదాయం తక్కువున్న కుటుంబాల పిల్లలకు ఫెడరల్, అంటే కేంద్ర ప్రభుత్వం ఇచ్చే సాయం) 3,200. కాలేజీ స్కాలర్‌షిప్ 1,000. ఫెడరల్ లోన్ 5,500. ప్రైవేట్ లోన్ 7,800. నాలుగూ కూడితే సరిగ్గా 17,500. అన్నిటి కిందా "మీరు కట్టాల్సింది: 0" అని పెద్ద అక్షరాల్లో ఉంది.

పెన్ను తీసుకుని తిరిగి కట్టనక్కర్లేని వాటి పక్కన టిక్కు పెట్టండి. పెల్ గ్రాంట్, స్కాలర్‌షిప్, రాష్ట్రం ఇచ్చే గ్రాంట్ ఇందులోకి వస్తాయి. లోన్ అన్న మాట ఉన్న ప్రతి లైనూ అప్పే, దాని చుట్టూ సున్నా చుట్టండి. మా వాడికి టిక్కు పడింది 4,200కి. సున్నా పడింది 13,300కి. అక్క ఒక్క నిమిషం ఏమీ మాట్లాడలేదు.

తర్వాత రెండో ఏడాది కూడా రాయండి. దాని గురించి ఆ లెటర్‌లో ఉండదు. తల్లిదండ్రుల మీద ఆధారపడిన విద్యార్థికి ఫెడరల్ ప్రభుత్వం మొదటి ఏడాది 5,500, రెండో ఏడాది 6,500 డాలర్ల వరకు అప్పు ఇస్తుంది. రెండేళ్లకు కలిపి 12,000. అంతకు మించి కావాలంటే ప్రైవేట్ బ్యాంకు దగ్గరికో, తల్లిదండ్రుల పేరు మీద తీసుకునే పేరెంట్ ప్లస్ లోన్‌కో వెళ్లాలి. మా వాడి లెక్కలో ప్రైవేట్ అప్పు మొదటి ఏడాది 7,800, రెండో ఏడాది 6,800, వెరసి 14,600. ఫెడరల్‌తో కలిపితే 26,600 డాలర్లు.

రెండేళ్ల డిగ్రీకి ఫెడరల్ హద్దు 12,000 దాటి అప్పు కావాల్సి వస్తోందంటే, ఆ కాలేజీ మీ పిల్లవాడి తాహతుకు మించిందని నా అభిప్రాయం. మిగతా లెక్క చూశాక మీరే నిర్ణయించుకోండి.

2. కావాల్సిన ఉద్యోగం పేరు రాసి, దానికి ఆ డిగ్రీ నిజంగా అవసరమా అని చూడండి

అన్నిటికంటే ఎక్కువ సమయం ఇక్కడ పెట్టండి.

మన దగ్గర ఆంధ్రాలో అయినా, తెలంగాణలో అయినా, రాష్ట్రానికి ఒక రిక్రూట్‌మెంట్ బోర్డు ఉంటుంది. కానిస్టేబుల్‌కి ఇంటర్, ఎస్సైకి డిగ్రీ అని ఒకే నోటిఫికేషన్ వస్తుంది. అమెరికాలో అలా లేదు. ఊరి పోలీస్, కౌంటీ (మన జిల్లా లాంటిది) షెరీఫ్, రాష్ట్ర పోలీస్, యూనివర్సిటీ పోలీస్, అన్నీ కలిపి దాదాపు 18,000 ఏజెన్సీలు ఉన్నాయి. రాష్ట్రం కనీస అర్హత పెడుతుంది, దాని పైన ఎవరి రూలు వాళ్లది. కాబట్టి "పోలీస్‌కి ఈ డిగ్రీ కావాలా?" అని అడిగితే జవాబు రాదు. "మా ఊరి పోలీస్‌కి కావాలా?" అని అడగాలి.

కొన్ని చోట్ల నిజంగానే కావాలి. మిన్నెసోటాలో పీస్ ఆఫీసర్ (పోలీస్) లైసెన్స్ రావాలంటే కనీసం రెండేళ్ల డిగ్రీ ఉండాలి. విస్కాన్సిన్‌లో ఉద్యోగంలో చేరిన ఐదేళ్లలోపు 60 కాలేజీ క్రెడిట్లు (దాదాపు రెండేళ్ల చదువు) చూపించాలి. న్యూయార్క్ సిటీ పోలీస్ చాలాకాలం 60 క్రెడిట్లు అడిగింది, 2025లో దాన్ని 24కి తగ్గించింది. లాస్ ఏంజిలెస్ పోలీస్‌కి మాత్రం హైస్కూల్ పాసైతే సరిపోతుంది.

టెక్సస్‌లో రాష్ట్ర లైసెన్స్‌కి హైస్కూల్ చాలు, కానీ వయసు 21 నిండాలి. అసోసియేట్ డిగ్రీ గానీ 60 క్రెడిట్లు గానీ ఉంటే 18కే అర్హత వస్తుంది. వినడానికి ఇది పెద్ద లాభంలా ఉంటుంది. మేం మాత్రం అక్కడితో ఆగకుండా వాడికి కావాల్సిన మూడు డిపార్ట్‌మెంట్ల రిక్రూటింగ్ పేజీలు తెరిచాం. డిపార్ట్‌మెంట్ తన సొంత వయసు పరిమితి పెట్టుకోవచ్చు, చాలా డిపార్ట్‌మెంట్లు పెట్టుకుంటాయి కూడా. రాష్ట్రం రూలు ఒక్కటే చదివి సంబరపడితే లాభం లేదు.

ఇంకో సంగతి. ఆ రూళ్లలో చాలావాటిలో "క్రిమినల్ జస్టిస్ డిగ్రీ" అని ఉండదు. "60 క్రెడిట్లు" అని మాత్రమే ఉంటుంది. అకౌంటింగ్ చదివినా, నర్సింగ్ చదివినా, కంప్యూటర్స్ చదివినా ఆ క్రెడిట్లు లెక్కలోకి వస్తాయి. రేపు పోలీస్ ఉద్యోగం రాకపోతే, వచ్చాక మోకాలు దెబ్బతిని మానేయాల్సి వస్తే, ఆ వేరే చదువు కూడు పెడుతుంది. పిల్లలకు ఈ మాట ఒకసారి ప్రేమగా చెప్పి చూడండి, వాళ్ల కోరికను కొట్టిపారేయకుండా.

కాగితం మీద మూడు పేర్లు రాయండి: మీరు నిజంగా వెళ్లగలిగే దూరంలో ఉన్న మూడు ఏజెన్సీలు. ఒక్కోదానికి ఫోన్ చేసి రిక్రూటర్‌ని ఇవే అడగండి. కనీస చదువు ఎంత? కనీస వయసు ఎంత? పోలీస్ అకాడమీ ట్రైనింగ్‌లో జీతం ఇస్తారా, లేక మేమే ఫీజు కట్టుకోవాలా? అసోసియేట్ డిగ్రీ ఉంటే జీతంలో నెలకు ఎంత కలుపుతారు? చేరాక చదువుకుంటే ఫీజు మీరు కడతారా?

చివరి రెండు ప్రశ్నలు మర్చిపోకండి. డిగ్రీకి ఎక్స్‌ట్రా పే ఇచ్చే డిపార్ట్‌మెంట్లు చాలా ఉన్నాయి. మసాచుసెట్స్‌లో 1970లో వచ్చిన క్విన్ చట్టం ప్రకారం అసోసియేట్‌కి 10 శాతం, బ్యాచిలర్స్‌కి 20 శాతం, మాస్టర్స్‌కి 25 శాతం జీతం పెంచేవారు. తర్వాత ప్రభుత్వం డబ్బు తగ్గించింది, 2009 మధ్య నుంచి కొత్తగా చేరినవాళ్లకు ఆ చట్టం వర్తించదు. ఎక్స్‌ట్రా పే ఉందని ఎవరైనా చెబితే, అది ఇప్పుడు చేరేవాళ్లకు కూడా ఉందా అని అడగాలి.

జీతం ఇస్తూ అకాడమీకి పంపి, తర్వాత కాలేజీ ఫీజులో సాయం చేసే డిపార్ట్‌మెంట్ దగ్గర్లో ఉంటే, అప్పు చేసి ముందే డిగ్రీ కొనుక్కోవడంలో నాకు అర్థం కనిపించదు. పైగా అకాడమీ పూర్తి చేసినవాళ్లకు కొన్ని క్రెడిట్లు ఉచితంగా ఇచ్చే కమ్యూనిటీ కాలేజీలు (తక్కువ ఫీజుతో రెండేళ్ల డిగ్రీలు చెప్పే ప్రభుత్వ కాలేజీలు) కూడా ఉన్నాయి.

డిగ్రీ కావాల్సిన ఉద్యోగాల్లో కూడా చాలాసార్లు ఈ రెండేళ్ల డిగ్రీ చాలదు. జైలు బయట శిక్ష గడిపేవాళ్ల మీద కన్నేసి ఉంచే ప్రొబేషన్ ఆఫీసర్‌కి మామూలుగా బ్యాచిలర్స్ అడుగుతారు. ఎఫ్‌బీఐ స్పెషల్ ఏజెంట్‌కి బ్యాచిలర్స్, ఉద్యోగానుభవం, కనీసం 23 ఏళ్లు ఉండాలి. కాలేజీ బ్రోషర్‌లో ఎఫ్‌బీఐ జాకెట్ ఫోటో ఉందని నమ్మకండి.

3. ఉద్యోగం రాకుండా అడ్డుపడేవి ఫీజు కట్టకముందే తెలుసుకోండి

పౌరసత్వం మొదటిది. ఫెడరల్ ఏజెంట్ ఉద్యోగాలకు అమెరికా పౌరసత్వం కావాలి. పోలీస్ ఉద్యోగాలకు చాలా రాష్ట్రాలు అదే అడుగుతాయి. కాలిఫోర్నియా, ఇల్లినాయ్ లాంటి చోట్ల పని చేసే అనుమతి ఉన్నవాళ్లకూ తలుపు తెరిచారు. మీ పిల్లలు హెచ్-4 (హెచ్-1బీ ఉద్యోగి కుటుంబానికి ఇచ్చే వీసా) మీద ఉంటే రెండింతలు జాగ్రత్తగా ఉండండి. వాళ్లకు పెల్ గ్రాంట్ రాదు, ఫెడరల్ అప్పు రాదు, 21 నిండితే ఆ వీసా పోతుంది. ఇండియా నుంచి ఎఫ్-1 విద్యార్థి వీసా మీద వచ్చి ఈ డిగ్రీ చదవాలనుకునే వాళ్లకు నా సలహా ఒక్కటే: వద్దు. చదువయ్యాక తలుపు తీసే ఉద్యోగాలు చాలా చాలా తక్కువ.

రెండోది పాత రికార్డు. డ్రగ్స్ వాడకం, తాగి బండి నడిపిన కేసు, అబద్ధం చెప్పి దొరికిపోవడం, వీటి మీద ఒక్కో డిపార్ట్‌మెంట్‌కి ఒక్కో రూలు ఉంటుంది. గృహహింస కేసులో శిక్ష పడితే, అది చిన్న కేసే అయినా, 1996 నాటి ఫెడరల్ చట్టం ప్రకారం తుపాకీ పట్టుకోవడానికి వీల్లేదు. పోలీస్ ఉద్యోగం అక్కడే ఆగిపోతుంది. డిపార్ట్‌మెంట్ వెబ్‌సైట్‌లో అనర్హతల లిస్టు ఉంటుంది. పిల్లవాడిని ఒక్కడినే కూర్చుని చదువుకోమనండి. మన ముందు చెప్పలేనివి వాడికి ఉండొచ్చు.

మూడోది అప్పే. పోలీస్ ఉద్యోగానికి బ్యాక్‌గ్రౌండ్ చెక్ చేసేటప్పుడు క్రెడిట్ రిపోర్ట్ (మన అప్పులు, వాయిదాల చరిత్ర) తీస్తారు. అప్పుల్లో మునిగినవాడికి లంచం ఆశ చూపించడం తేలిక అన్నది వాళ్ల భయం. ఫెడరల్ లోన్ 270 రోజులు కట్టకపోతే డిఫాల్ట్, అంటే ఎగవేత అవుతుంది, అది రిపోర్ట్‌లో కనబడుతుంది. అంటే ఏ ఉద్యోగం కోసం అప్పు చేశారో ఆ ఉద్యోగాన్ని ఆ అప్పే చెడగొట్టగలదు. ఆ రాత్రి మా అక్కను బాగా కదిలించింది ఈ మాటే.

4. ఆ కాలేజీలో ఆ కోర్సు చదివినవాళ్లు ఎంత సంపాదిస్తున్నారో చూడండి

అమెరికా విద్యాశాఖ 2015 నుంచి కాలేజ్ స్కోర్‌కార్డ్ అనే ఉచిత వెబ్‌సైట్ నడుపుతోంది. అందులో కాలేజీ పేరు కొట్టి, కోర్సుల విభాగంలో "క్రిమినల్ జస్టిస్ అండ్ కరెక్షన్స్" వెతకండి. పక్కన అసోసియేట్ డిగ్రీ అని ఉన్న లైనే చూడాలి. బ్యాచిలర్స్ లైన్ చూసి పొరబడేవాళ్లు ఎక్కువ. అక్కడ రెండు అంకెలు ఉంటాయి: చదివినవాళ్ల మధ్యస్థ సంపాదన, మధ్యస్థ అప్పు. మధ్యస్థం అంటే సగం మందికి అంతకంటే ఎక్కువ, సగం మందికి తక్కువ.

ఆ అంకెలను చదవడంలో కొంచెం జాగ్రత్త కావాలి. సంపాదన లెక్క ఫెడరల్ సాయం తీసుకున్న విద్యార్థులది మాత్రమే. అప్పు అంకెలో ప్రైవేట్ లోన్లు ఉండవు, పేరెంట్ ప్లస్ వేరుగా ఉంటుంది. చదివినవాళ్లు మరీ తక్కువగా ఉంటే అంకె దాచేస్తారు, ఖాళీ కనబడుతుంది. ఖాళీ ఉందంటే చెడ్డదని కాదు, మీరే అడిగి తెలుసుకోవాలని.

అదే పేజీలో ఎంతమంది చదువు పూర్తి చేశారో కూడా ఉంటుంది. దాన్ని వదిలేయకండి. మధ్యలో మానేస్తే డిగ్రీ ఉండదు, అప్పు మాత్రం ఉంటుంది.

కాలేజీ అడ్మిషన్ మనిషి చెప్పే జీతం రాసుకోకండి. మా వాడికి ఫోన్‌లో "లా ఎన్‌ఫోర్స్‌మెంట్‌లో 75 వేలు వస్తుంది" అన్నారట. ఆ అంకె తప్పేం కాదు. బ్యూరో ఆఫ్ లేబర్ స్టాటిస్టిక్స్ 2023 మే లెక్కల్లో పోలీసులు, డిటెక్టివ్‌ల మధ్యస్థ వార్షిక జీతం దాదాపు 75,000 డాలర్లే. కానీ అది దేశం మొత్తానికి, అన్ని ఏళ్ల అనుభవం ఉన్నవాళ్లకు కలిపి వేసింది. కాలిఫోర్నియాలో పోలీస్ సగటు జీతం లక్ష దాటుతుంది, మిసిసిపీలో అందులో సగం దగ్గర ఉంటుంది. అసలు చిక్కు ఇంకోటి: ఈ డిగ్రీ చదివిన ప్రతివాడూ పోలీస్ అవ్వడు.

అదే లెక్కల్లో మిగతావి చూడండి. జైలు ఆఫీసర్లు, బెయిలిఫ్‌లకు (కోర్టులో భద్రత చూసేవాళ్లు) దాదాపు 53,000. 911 ఫోన్లు ఎత్తే డిస్పాచర్లకు దాదాపు 49,000. సెక్యూరిటీ గార్డులకు దాదాపు 37,000. ఫిజికల్ టెస్టులో, పాలిగ్రాఫ్‌లో (అబద్ధాలు పట్టే పరీక్ష), సైకాలజీ పరీక్షలో ఎక్కడైనా ఆగిపోతే, లేదా వయసు నిండేదాకా ఆగాల్సి వస్తే, పిల్లవాడు చేసేది ఈ చివరి ఉద్యోగాల్లో ఒకటి. సెక్యూరిటీ గార్డుకు డిగ్రీ అక్కర్లేదని గుర్తుంచుకోండి.

5. ఇప్పుడు లెక్క వేయండి, తక్కువ జీతంతో

2025-26లో ఫెడరల్ అండర్‌గ్రాడ్యుయేట్ లోన్ వడ్డీ 6.39 శాతం. పదేళ్లలో తీర్చేలా అయితే ప్రతి 1,000 డాలర్లకు నెలకు సుమారు 11 డాలర్ల 30 సెంట్లు పడుతుంది. ఈ ఒక్క అంకె గుర్తుంటే చాలు, మిగతాది గుణకారం. 5,000 అప్పుకి నెలకు 57. 12,000కి 136, పదేళ్లకు మొత్తం 16,270.

ప్రైవేట్ లోన్ వడ్డీ మీ క్రెడిట్‌ని బట్టి మారుతుంది. మా వాడికి చూపించింది 11 శాతం. 14,600కి నెలకు 201. రెండూ కలిపితే నెలకు 337 డాలర్లు, పదేళ్లలో 40,400. చదివే రెండేళ్లలో ఎక్కే వడ్డీ ఇందులో కలపలేదు, కలిపితే ఇంకా పెరుగుతుంది.

ఇది ఎక్కువా, తక్కువా? దీనికి ప్రభుత్వమే వాడిన ఒక కొలత ఉంది. కెరీర్ కోర్సుల కోసం విద్యాశాఖ పెట్టిన గెయిన్‌ఫుల్ ఎంప్లాయ్‌మెంట్ రూల్‌లో ఒక పరీక్ష, ఏడాదిలో కట్టే అప్పు వాయిదాలు ఏడాది సంపాదనలో 8 శాతం దాటకూడదని. మా వాడి వాయిదాలు ఏడాదికి దాదాపు 4,040. పోలీస్ జీతం 75,000తో భాగిస్తే 5.4 శాతం, హాయిగా ఉంది. జైలు ఆఫీసర్ 53,000తో భాగిస్తే 7.6, గీత అంచున ఉంది. సెక్యూరిటీ 37,000తో భాగిస్తే 10.9, గీత దాటేసింది.

అదే ఫెడరల్ 12,000 మాత్రమే అయితే సెక్యూరిటీ జీతం మీద కూడా 4.4 శాతమే. ఏ ఉద్యోగం వచ్చినా పిల్లవాడు తట్టుకుంటాడు.

నేను చెప్పదలచుకున్నదంతా ఈ రెండు పేరాల్లోనే ఉంది. అప్పును కలగన్న ఉద్యోగంతో కొలవకండి, ఆ కల ఆలస్యమైతే చేయాల్సి వచ్చే ఉద్యోగంతో కొలవండి. 8 శాతం అన్నది ప్రభుత్వం పెట్టిన పైగీత. మా ఇంట్లో నేనైతే 5 శాతం దాటనివ్వను. ఎందుకంటే ఇరవై ఏళ్ల కుర్రాడికి కారు పేమెంట్, ఇన్సూరెన్స్, ఇంటద్దె ఉంటాయి, ఓవర్‌టైమ్ ప్రతి నెలా దొరకదు.

ఇంకో లెక్క కూడా వేయండి, దీన్ని చాలామంది వదిలేస్తారు. డిగ్రీ లేకుండా ఇప్పుడే పనిలో చేరితే ఎంత వస్తుంది? ఉదాహరణకి హైస్కూల్‌తో 36,000, డిగ్రీతో 40,000 అనుకుందాం. డిగ్రీ తెచ్చింది 40,000 కాదు, మధ్యలో ఉన్న 4,000. అందులో పన్ను పోవాలి, అప్పు వాయిదాలు పోవాలి. ఏడాదికి 4,040 అప్పే కడితే మిగిలేది సున్నా కంటే తక్కువ. పైగా చదివిన రెండేళ్లు పూర్తి జీతం రాలేదు.

6. "గవర్నమెంట్ మాఫీ చేస్తుంది" అన్న మాట వింటే

పబ్లిక్ సర్వీస్ లోన్ ఫర్‌గివ్‌నెస్ అని 2007 నుంచి ఒక పథకం ఉంది. ప్రభుత్వంలో పూర్తికాల ఉద్యోగం చేస్తూ 120 వాయిదాలు కడితే మిగిలిన ఫెడరల్ అప్పు మాఫీ. పోలీసులకు, కౌంటీ జైలు ఉద్యోగులకు వర్తిస్తుంది. లాభం కోసం నడిచే ప్రైవేట్ జైలు కంపెనీ ఉద్యోగులకు వర్తించదు. ప్రైవేట్ లోన్‌కి అసలే వర్తించదు.

కానీ రెండేళ్ల డిగ్రీ అప్పుకి దీనివల్ల ఒరిగేది దాదాపు ఏమీ ఉండదు. 120 వాయిదాలంటే పదేళ్లు. 12,000 అప్పు మామూలు ప్లాన్‌లో పదేళ్లకు ఎలాగూ తీరిపోతుంది, మాఫీ చేయడానికి మిగలదు. 2026 జూలై 1 నుంచి తీసుకునే కొత్త అప్పులకు వచ్చే ఆదాయాన్ని బట్టి కట్టే ప్లాన్‌లో, 53,000 జీతం ఉంటే ఏడాదికి ఆదాయంలో 5 శాతం, అంటే 2,650 కట్టాలి. ఆరేళ్లలోపే అప్పు అయిపోతుంది. మాఫీ ఆశతో ఎక్కువ అప్పు చేయమని ఎవరైనా అంటే ఆ ఫోన్ పెట్టేయండి.

ఆ తేదీ నుంచే పేరెంట్ ప్లస్‌కి కూడా హద్దు వచ్చింది: ఒక్కో పిల్లవాడికి ఏడాదికి 20,000, మొత్తం 65,000. హద్దు ఉంది కదా అని అంతా తీసుకోవాలని లేదు. అది మీ పేరు మీద అప్పు, మీ రిటైర్మెంట్ నుంచి పోయేది.

7. కాలేజీ గుర్తింపు, క్రెడిట్ల బదిలీ: రెండు ఈమెయిళ్లు పంపండి

వెస్ట్‌వుడ్ కాలేజ్ సంగతి పిల్లలకు తప్పకుండా చెప్పండి. లాభం కోసం నడిచిన ఆ కాలేజీ క్రిమినల్ జస్టిస్ కోర్సు చదివితే పోలీస్ అవ్వొచ్చని చెప్పి ఇల్లినాయ్‌లో వేలమందిని చేర్చుకుంది. తీరా చూస్తే దానికి ప్రాంతీయ గుర్తింపు (కాలేజీల నాణ్యత చూసే ప్రాంతీయ సంస్థ ఇచ్చేది) లేదు, అక్కడి చాలా పోలీస్ డిపార్ట్‌మెంట్లు ఆ క్రెడిట్లు ఒప్పుకోలేదు. ఇల్లినాయ్ అటార్నీ జనరల్ 2012లో దావా వేశారు. కాలేజీ 2016లో మూతపడింది. 2022లో విద్యాశాఖ దేశవ్యాప్తంగా 79,000 మంది వెస్ట్‌వుడ్ విద్యార్థుల 150 కోట్ల డాలర్ల అప్పు రద్దు చేసింది. రద్దు అయింది కదా అనుకోకండి. దావాకీ రద్దుకీ మధ్య పదేళ్లు నడిచాయి, అన్నేళ్లూ వాళ్ల నెత్తిన ఆ అప్పు ఉంది.

మొదటి ఈమెయిల్ మీరు రాసుకున్న మూడు ఏజెన్సీలకు: "ఈ కాలేజీ క్రెడిట్లు మీరు ఒప్పుకుంటారా?" రెండోది దగ్గర్లోని ప్రభుత్వ యూనివర్సిటీకి: "ఈ డిగ్రీతో బ్యాచిలర్స్‌లో చేరితే ఎన్ని క్రెడిట్లు లెక్కలోకి వస్తాయి?" ఫోన్‌లో వద్దు, రాతలో తెప్పించుకోండి.

డిగ్రీ పేరు కూడా చూడండి. అసోసియేట్ ఇన్ అప్లైడ్ సైన్స్ అంటే నేరుగా పనిలోకి వెళ్లడానికి, బ్యాచిలర్స్‌కి బదిలీ చేసేటప్పుడు చాలా క్రెడిట్లు పోవచ్చు. అసోసియేట్ ఆఫ్ ఆర్ట్స్, అసోసియేట్ ఆఫ్ సైన్స్ అయితే బదిలీకి మేలు. కాలిఫోర్నియాలో ఈ కోర్సును "అడ్మినిస్ట్రేషన్ ఆఫ్ జస్టిస్" అంటారు, అందులో బదిలీ కోసమే ఉన్న అసోసియేట్ డిగ్రీ తీసుకుంటే కాల్ స్టేట్ యూనివర్సిటీల్లో సీటు హామీ ఉంటుంది. న్యూయార్క్‌లో అయితే సిటీ యూనివర్సిటీ కమ్యూనిటీ కాలేజీల్లో మొదలుపెట్టి జాన్ జే కాలేజ్‌కి వెళ్లే దారి ఉంది. పోలీస్, న్యాయ రంగాలకు జాన్ జే పేరున్న కాలేజీ.

8. అదే డిగ్రీ, తక్కువ ఖర్చుతో

కమ్యూనిటీ కాలేజీల సగటు ఫీజు సొంత జిల్లా వాళ్లకు 2024-25లో ఏడాదికి 4,050 డాలర్లు. కాలిఫోర్నియాలో యూనిట్‌కి (క్రెడిట్‌ని అక్కడ అలా అంటారు) 46 డాలర్లే, 60 యూనిట్లకు 2,760. న్యూజెర్సీలో కుటుంబ ఆదాయం 65,000 లోపు ఉంటే కౌంటీ కాలేజీ ఫీజు కట్టనక్కర్లేని గ్రాంట్ ఉంది. టెనెసీలో హైస్కూల్ అయ్యాక రెండేళ్ల చదువు ఫీజుకి టెనెసీ ప్రామిస్ అనే స్కాలర్‌షిప్ ఉంది. మీరు ఉండేది ఏ కాలేజీ జిల్లా కిందకి వస్తుందో ముందు చూసుకోండి. రోడ్డుకి ఇటు పక్క ఒక ఫీజు, అటు పక్క ఇంకో ఫీజు ఉండొచ్చు.

ఫాఫ్సా (ఫెడరల్ సాయం కోసం పెట్టే దరఖాస్తు) నింపడం మానకండి, మాకు రాదులే అనుకుని వదిలేసేవాళ్లు మన వాళ్లలో చాలామంది. పెల్ గ్రాంట్ 2025-26లో గరిష్ఠంగా 7,395. మా వాడికి 3,200 వచ్చింది. ఆ 3,200ను ప్రైవేట్ కాలేజీలో పెడితే 17,500 ముందు ఆనలేదు. వాడు చివరికి చేరిన కమ్యూనిటీ కాలేజీలో పెడితే ఫీజులో నాలుగింట మూడొంతులు అదే తీర్చింది. మిగతాది వాడు సాయంత్రాలు గిడ్డంగిలో చేసిన పనితో కట్టాడు.

ఇప్పుడు వాడు కౌంటీ జైలులో ఉద్యోగి. టెక్సస్‌లో దానికి 18 ఏళ్లు, హైస్కూల్ చాలు. సెమిస్టర్‌కి రెండు సబ్జెక్టులు చదువుతున్నాడు, ఇప్పటిదాకా 27 క్రెడిట్లు అయ్యాయి. రాత్రి షిఫ్ట్ అయ్యాక పొద్దున్నే మా అక్క వేసిన దోసెలు తిని పడుకుంటాడు. "మావయ్యా, 21 నిండగానే అప్లై చేస్తా" అంటుంటాడు.

ఇప్పటికే సంతకం పెట్టేసి ఉంటే

కంగారు పడకండి. ఫెడరల్ లోన్ డబ్బు కాలేజీకి చేరిన 120 రోజుల లోపు మొత్తం గానీ కొంత గానీ వెనక్కి ఇచ్చేయొచ్చు, ఆ భాగానికి వడ్డీ, ఫీజు పడవు. డబ్బు ఇంకా రాకపోతే ఫైనాన్షియల్ ఎయిడ్ ఆఫీసుకు ఈమెయిల్ పెట్టి లోన్ తగ్గించమనండి, లేదా రద్దు చేయమనండి. కాలేజీ మానాలనుకుంటే ఫీజు పూర్తిగా వెనక్కి వచ్చే ఆఖరి తేదీ అకడమిక్ క్యాలెండర్‌లో ఉంటుంది, మామూలుగా క్లాసులు మొదలైన కొద్ది రోజులకే. ముందు ఆ తేదీ వెతికి ఫ్రిజ్ మీద అంటించండి, తర్వాత కూర్చుని పైన చెప్పిన లెక్క మొదలుపెట్టండి.